చేతికెక్కని గాజులు

నేను ఒక మావిని. మీలో ప్రతి ఒక్కరికీ పుట్టకముందు నాలాంటిదే ఒకటి తిండి పెట్టింది. పుట్టినరోజులు ఘనంగా చేసుకుంటారు కానీ, అదే రోజు వెళ్ళిపోయిన మమ్మల్ని తలచుకున్న మనిషి నాకింతవరకు కనిపించలేదు.

నేను పెరిగింది దమయంతి కడుపులో. పలాసలో జీడిపప్పు ఒలిచే పిల్ల ఆమె. ఇదే తొలిచూలు. తల్లి రక్తంలోంచి ఆహారమూ గాలీ తీసి బొడ్డుతాడు గుండా బిడ్డకు పంపడం నా పని. అందుకు గర్భసంచి గోడలోని సన్నని రక్తనాళాలు నా కోసం వెడల్పు కావాలి. అవి కాలేదు. ఎందుకో నాకు తెలియదు. పెద్ద డాక్టర్లకీ పూర్తిగా తెలియదట.

రక్తం చాలక నాలో మంట మొదలైంది. ఆ మంట ఉన్నచోటల్లా రక్తం గడ్డకట్టింది. ఒక మూల మూసుకుపోతే ఇంకో మూలతో నెట్టుకొచ్చాను. బిడ్డకు చాలడం లేదని బెంబేలెత్తి, ఏవేవో రసాయనాలు తల్లి రక్తంలోకి వదిలాను. ఇంకాస్త పంపమ్మా అని మొరపెట్టుకోవడమే అది. ఆ మొరకి ఆమె బీపీ పెరిగిపోయింది, కాళ్ళూ చేతులూ ఉబ్బాయి. మేలు చేయబోయి ఆమెకే ముప్పు తెచ్చాను.

సీమంతం రోజున గాజులు తొడగబోతే చేతికి ఎక్కలేదు. సబ్బు రాసినా ఎక్కలేదు. పేరంటాళ్ళు నవ్వారు.

"అమ్మ వంట బాగా ఒంటబట్టినాది!" అంది ఒకామె.

"తల పగిలిపోతందే అమ్మా. కళ్ళముందు మెరుపులొస్తన్నాయి" అంది దమయంతి.

"దిష్టి తగిలినాది. కడుపుతో ఉన్నోలకి నీరొస్తాది, ఏటీ అవదు" అంది తల్లి గున్నమ్మ.

కూతురంటే ఆమెకి ప్రాణం. అప్పటికప్పుడు బజారుకి మనిషిని పంపి పెద్ద సైజు ఆకుపచ్చ గాజులు తెప్పించింది. అవి ఎక్కాయి. అందరూ అక్షింతలు వేసి, పులిహోర తిని వెళ్ళారు. గాజులు మార్చాలని తోచింది కానీ, బీపీ చూపించాలని ఒక్కరికీ తోచలేదు.

కొద్దిరోజులకే దమయంతికి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో సెలైన్ పెట్టడానికి నర్సు గాజులు తీయబోతే ఆ పెద్దవి కూడా రాలేదు. పగలగొట్టక తప్పలేదు.

"ముత్తైదు చేతి గాజులమ్మా!" అని గున్నమ్మ అడ్డంపడింది. అప్పుడు చూసింది, కూతురి మణికట్టు మీద గాజులు నొక్కిన లోతైన గాడి. పక్కకి జరిగి పగలగొట్టనిచ్చింది. నేలమీది ముక్కలన్నీ కొంగులోకి ఏరుకుంది.

ఆపరేషన్ చేసి తల్లిని దక్కించారు. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. ఆ పిల్ల గుండె ఆగేదాకా నా చేతనైనంత పంపుతూనే ఉన్నాను. అది చాలలేదు.

డాక్టరమ్మ నన్ను పళ్ళెంలో తిరగేసి చూసింది. ఎర్రగా, మెత్తగా ఉండాల్సిన నేను చాలాచోట్ల పాలిపోయి, గట్టిపడి ఉన్నాను. పరీక్షకని ఒక ముక్క కోసుకుంది.

"మళ్ళీ కడుపొస్తే మొదటి నెల నుంచే తీసుకురండి. బీపీ చూస్తూ ఉండాలి" అంది.

మిగిలిన నన్ను ఆసుపత్రి చెత్త వేసే పసుపురంగు సంచిలో వేయబోతుంటే గున్నమ్మ చేతులు జోడించింది. పిల్ల చల్లగా ఉండాలని మావిని పెరట్లో పాతిపెట్టడం వాళ్ళ ఇళ్ళలో ఆనవాయితీ.

"పిల్లతోటే ఇచ్చీండమ్మా. ఒక్కర్తీ ఎలా పడుకుంటాది?"

డాక్టరమ్మ సరేనంది.

ఇప్పుడు మేం ఒకే గొయ్యిలో ఉన్నాం. గున్నమ్మ కొంగులోని ఆకుపచ్చ ముక్కల్ని కూడా మా మీద పోసి, మట్టి కప్పింది. బిడ్డ నా పక్కనే ఉంది. పంపడానికి నా దగ్గర ఇక ఏమీ లేదు.