మంత్రిని ఇచ్చేసిన ఎత్తు

ఉన్నిటోపీ వల్ల పెళ్లి ఆగిపోవడం ఎక్కడైనా విన్నారా? మా ఇంట్లో ఆగబోయింది. నేను చూస్తూ ఊరుకునే రకం కాదు కాబట్టి సరిపోయింది గానీ, మా ఇంట్లో మగమహారాజుకీ, ఎదురు వరసలో ఉన్న ఇంకో మగమహారాజుకీ వదిలేసి ఉంటే నా కూతురు ఈపాటికి కన్నీళ్లతో దుప్పట్లు తడుపుతూ ఉండేది.

మాది బట్టలు కుట్టే షాపు. ఇంటి ముందు గదిలోనే రెండు మిషన్లు, ఓ పొడుగాటి బల్ల, కాళ్లకింద ఎప్పుడూ గుడ్డముక్కలు. మా ఆయన బట్టల మిల్లులో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అన్నేళ్లు ఆ మగ్గాల రొదలో నిలబడితే చెవులు ఏమవుతాయో వేరే చెప్పాలా? "అన్నం పెట్టేయనా?" అంటే "ఇందాకే తాళం వేశాను" అంటారు. ఇంక నేను ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆయన ప్రాణస్నేహితుడు కళ్లద్దాల షాపాయన. నాకు అన్న వరస. నన్ను చెల్లెమ్మా అంటారు, మా ఆయన్ని బావా అంటారు. వీధివీధంతా మాత్రం ఆయన్ని రేడియో అంటుంది. పొద్దున షట్టరు ఎత్తినప్పుడు తెరిచిన నోరు రాత్రి షట్టరు దించినప్పుడే మూస్తారు. భార్య పోయాక ఆ వాగుడు ఇంకా ఎక్కువైంది. జనం అద్దాలు తీసుకుని, ఆయన ఊపిరి పీల్చుకునే సందులో పారిపోతుంటారు. ఒక్క మా ఆయన మాత్రం రోజూ సాయంత్రం వెళ్లి ఆ కౌంటరు ముందు కూర్చుంటారు. ఇద్దరి మధ్య చదరంగం బోర్డు. రేడియో గారు మాట్లాడుతూ, మధ్యలో కూనిరాగాలు తీస్తూ ఆడతారు. మా ఆయన గంగిరెద్దులా తలూపుతూ ఆడతారు.

రేడియో గారి కొడుకు ఆ షాపులోనే అద్దాలు అరగదీస్తాడు. మా అమ్మాయి కంప్యూటర్లు రిపేరు చేస్తుంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. రేడియో గారు ఆట మధ్యలోనే పెళ్లిమాట ఎత్తారు, మా ఆయన తలూపారు, సంబంధం ఖాయమైంది. రెండిళ్లలోనూ ఆనందమే ఆనందం.

అదిగో, అప్పుడు మా ఆయనకి ఏం బుద్ధి పుట్టిందో, తనంతట తనే "చెవి మిషను కొనుక్కుంటానే" అన్నారు. ఏళ్ల తరబడి నేను నెత్తీ నోరూ బాదుకుంటే వినని మనిషి!

"ఇప్పటికైనా దేవుడు కళ్లు తెరిచాడు. పదండి, అన్నయ్య షాపులో చెవి మిషన్లు కూడా ఉన్నాయిగా" అన్నాను.

"అక్కడొద్దు."

"ఎందుకొద్దు?"

మా ఆయన బస్సెక్కి ఎక్కడో దూరపు పేటకి వెళ్లి కొనుక్కొచ్చుకున్నారు. వచ్చీ రాగానే దాని మీద ఉన్నిటోపీ లాగారు. మండుటెండలో ఉన్నిటోపీ! ఒంట్లో బాగాలేదా అని అడిగినవాళ్లకల్లా మళ్లీ అదే తలూపుడు. వయసు మీద పడ్డాక ఈ సోకేమిట్రా భగవంతుడా అనుకుని నేనూ వదిలేశాను.

దీనికి తోడు, అంతకుముందే అమ్మాయి ఓ పాత కంప్యూటర్లో చదరంగం ఎక్కించి ఇచ్చింది. రోజూ మధ్యాహ్నం దాంతో ఆడి, దాని చేతిలో చిత్తుచిత్తుగా ఓడి, "ఎంత మర్యాదస్థురాలే, గెలిచినా ఒక్క మాట అనదు" అని మెచ్చుకునేవారు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. కొంప ముంచింది కూడా అదే.

మిషను తెచ్చుకున్న రోజు సాయంత్రమే, నేను జాకెట్టుకి చేతులు అతుకుతుంటే మా ఆయన వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నారు. వెనకాలే కాబోయే అల్లుడు రొప్పుతూ వచ్చాడు. పాపం, చేతికి అద్దాల పొడి కూడా కడుక్కోలేదు.

"అత్తయ్యా, కొంప మునిగింది. మామయ్య ఇవాళ మంత్రిని ఉత్తినే ఇచ్చేశారు. నాన్న బంటుతో కొట్టేశారు. మామయ్య గుర్రంతో చెక్ చెప్పి, వెనకనుంచి ఏనుగుని దించి ఆట కట్టేశారు. నాన్న నోరు తెరుచుకుని చూస్తుండిపోయారు. అప్పుడే మామయ్య తల గోక్కున్నారు, టోపీ కింద పడింది."

"పడితే?"

"చెవి మిషను కనపడింది. 'ఇవి నేనే అమ్ముతాను బావా, ఫోనుకి కలుపుకోవచ్చని నాకు తెలీదా? కంప్యూటరు నీ చెవిలో ఎత్తులు చెబుతోంది కదూ' అన్నారు నాన్న. మామయ్య టోపీ తీసుకుని వచ్చేశారు. ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. నమ్మకం లేనిచోట వియ్యమేంటి, పెళ్లిమాట పక్కన పెట్టండి అంటున్నారు నాన్న."

నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికి వెళ్లి నిలదీశాను. "నేను దొంగాట ఆడలేదని చెప్పడానికి నోరు లేదా మీకు?"

"ఆడలేదే" అన్నారు గోడతో.

"ఆ మాట ఆయనతో చెప్పండి!"

"చెబితే ఇంకోటి కూడా చెప్పాలి. అది నా వల్ల కాదు."

అమ్మాయి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు గానీ, చేతిలో స్క్రూడ్రైవరు అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. 

మర్నాడు పొద్దున్నే కళ్లద్దాల షాపుకి వెళ్లాను. అన్నయ్య ఒక్కరే కూర్చుని తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నారు. నన్ను చూసి కూడా మాట్లాడలేదు. రేడియో మూగబోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు.

"అన్నయ్యా, ఆయనకి చెవులు వినపడవు. ఆ మిషను అందుకే" అన్నాను.

"అందుకే అయితే టోపీ ఎందుకమ్మా? దాచాల్సిన పనేంటి?" అన్నారు. గొంతు తగ్గించి, "ఇన్ని మిషన్లు పెట్టుకుని కూర్చున్నాను. వాడికి నా షాపు కనపడలేదా చెల్లెమ్మా?" అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. నాకు చదరంగం రాదు, గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలీదు. కానీ ఆడేటప్పుడు మా ఆయన అమ్మాయికి చెప్పేమాట విని విని నోటికి వచ్చేసింది: ఎత్తుని చూడకు, ఆ ఎత్తు ఎందుకు వేశాడో చూడు. దొంగాట, కంప్యూటరు, అదంతా పైకి కనపడే ఎత్తు. అసలు దెబ్బ తగిలింది వేరేచోట. ప్రాణస్నేహితుడు తనని కాదని బస్సెక్కి ఇంకొకడి దగ్గరికి పోయాడన్నదే ఈయన బాధ. మరి మా ఆయన బాధేంటి? అది ఆయన నోటినుంచే రావాలి. ఆ నోరు తెరిపించాలంటే ముందు ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టాలి. ఉత్తినే రమ్మంటే ఇద్దరూ రారు. మొండితనంలో ఒకరిని మించినవారు ఒకరు.

"సరే అన్నయ్యా, కంప్యూటరే చెప్పిందంటున్నావుగా. చెప్పిందో లేదో దాన్నే అడుగుదాం. సాయంత్రం అమ్మాయి తీసుకొస్తుంది. ఆటంతా గుర్తుందా?"

"పదేళ్ల కిందటి ఆటయినా గుర్తుంటుంది నాకు!" అన్నారు రోషంగా. రోషం వచ్చిందంటే సగం పని అయినట్టే.

ఇంటికొచ్చి మా ఆయనతో, "సాయంత్రం మీ ఆటని అన్నయ్య కంప్యూటరుకి చెబుతారట. మీరు లేకపోతే తనకి నచ్చినట్టు చెప్పుకుంటారు మరి" అన్నాను. టోపీ వెతుక్కోవడం మొదలుపెట్టారు.

సాయంత్రం షాపులో కౌంటరు మీద కంప్యూటరు పెట్టింది అమ్మాయి. కాబోయే అల్లుడు స్టూలు తెచ్చి ఆమె పక్కన వేశాడు. పెద్దవాళ్లిద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చుని, ఒకరు తెల్ల ఎత్తులు, ఒకరు నల్ల ఎత్తులు అప్పజెప్పారు. ఒక్కచోటైనా తడబడితే ఒట్టు. మంత్రిని ఇచ్చేసిన ఎత్తు దగ్గరికి వచ్చేసరికి అమ్మాయి కీ నొక్కి, తెర వంక చూసి, పెదవి కొరుక్కుంది.

"ఏమంటుందమ్మా? అద్భుతం అంటుందా?" అన్నారు అన్నయ్య వెటకారంగా.

"లేదు మామయ్యా. ఇది ఈ ఆట మొత్తంలోకీ పెద్ద తప్పు అంటోంది. నువ్వు బంటుతో కాకుండా ఏనుగుతో కొట్టి ఉంటే నాన్న పని అక్కడితో సరి."

అన్నయ్య లేచి వచ్చి తెరలో తలదూర్చారు. ఆ ఎత్తుని అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఎటు తిప్పినా తప్పే. "ఓరి నీ దుంపతెగ! ఇంత చెత్త ఎత్తు కంప్యూటరు చచ్చినా చెప్పదు" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. పిల్లలిద్దరూ నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు.

"ఎందుకు వేశావురా ఆ ఎత్తు?" అన్నారు అన్నయ్య.

"వెయ్యలేదు. మంత్రిని పట్టుకుని ఉన్నా. అప్పుడు నువ్వో మాటన్నావు. అది వింటూ ఎక్కడ పెట్టానో చూసుకోలేదు. చెయ్యి వదిలేశాక వెనక్కి తీసుకోకూడదని మన రూలేగా."

"ఏం మాటన్నాను?"

"నీ కూతురు వస్తే మా వంటింట్లో మళ్లీ మనిషి గొంతు వినపడుతుంది బావా, అన్నావు." మా ఆయన టోపీ తీసి కౌంటరు మీద పెట్టారు. "నీ మాట నేను వినడం అదే మొదలు."

"అంటే?"

"నాకు చాలాకాలంగా వినపడటం లేదు. నీ నోరు కదలడం కనపడేది, తలూపేవాణ్ని. మీ ఆవిడ పోయాక రోజూ ఆవిడ గురించే చెబుతున్నావని మొహం చూస్తే తెలిసేది. ఒక్క ముక్క వినపడేది కాదు. నాకు వినపడదని తెలిస్తే చెప్పడం మానేస్తావు. ఇంకెవరికి చెప్పుకుంటావు, నీ మాట వింటే పారిపోయేవాళ్లేగా అందరూ? నీ షాపులో మిషను కొంటే తెలిసిపోతుందని ఆ పేట దాకా పోయాను."

 నా కళ్లు నిండాయి. ఇన్నేళ్లు కాపురం చేశాను, ఈ మనిషి తలూపుడు వెనక ఇంత ఉందని నాకూ తెలీదు. సోకనుకున్నాను, చూడండి!

అన్నయ్య కుర్చీలో కూలబడ్డారు. "నీ అంత బాగా వినేవాడు లేడనుకున్నాను కదరా" అన్నారు. ఉన్నట్టుండి తలెత్తారు. "ఆగాగు. మరి ఆ రోజు నీ కూతుర్ని మావాడికిమ్మని అడిగాను. అప్పుడూ తలూపావు. అదీ వినకుండానేనా?"

 అమ్మాయి చెయ్యి కీబోర్డు మీద అలాగే ఆగిపోయింది. కాబోయే అల్లుడి మొహం చూడాలి, నెత్తురు చుక్క లేదు.

"వినపడలేదు" అన్నారు మా ఆయన. "కానీ ఆ రోజు నీ ఆట తడబడింది. నీ గుర్రాన్ని తీసుకెళ్లి నా బంటు నోట్లో పెట్టావు. ఎప్పుడూ అలా పెట్టవు. ఏదో చాలా పెద్దదే అడుగుతున్నావని తెలిసింది. నువ్వడిగితే నేను కాదనేది ఏముంది బావా? అందుకని తలూపాను. ఏం అడిగావో ఇంటికెళ్లాక ఇది చెబితేగానీ తెలీలేదు."

'ఇది' అంటే నేనే. నిజమే, ఆ రోజు నేను ఎగిరి గంతేస్తూ చెబితే, "ఓహో, అదా" అన్నారు. కూతురి పెళ్లికి ఓహో ఏమిటని ఆయన్ని ఎంత తిట్టానో!

అన్నయ్య కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత చెయ్యి చాచి, మా ఆయన చెవినుంచి ఆ మిషను జాగ్రత్తగా తీశారు. అటూ ఇటూ తిప్పి చూసి మొహం చిట్లించారు.

"ఎవడు పెట్టాడ్రా నీకిది? చెవి కొలత తీసుకోకుండా అంటగట్టాడు. సౌండు కూడా సరిగ్గా పెట్టలేదు వెధవ" అంటూ సొరుగు లాగి చిన్న పనిముట్టు తీశారు. అల్లుడు దీపం దగ్గరికి జరిపాడు. అమ్మాయి కంప్యూటరు మూసేసి బోర్డు మీద పావులు పేర్చడం మొదలెట్టింది.

మిషను బాగుచేసినంతసేపూ అన్నయ్య మాట్లాడుతూనే ఉన్నారు. పెళ్లిమాట, పందిరిమాట, మా ఆయన ఆడిన చెత్త ఎత్తుమాట. మిషను ఆయన చేతిలోనే ఉంది కాబట్టి మా ఆయనకి ఒక్క ముక్క వినపడలేదు. అయినా తలూపుతూనే ఉన్నారు.

చివరికి దాన్ని చెవికి పెట్టి, సరిచేసి, అన్నయ్య ముందుకు వంగారు. "బావా, వినపడుతోందా?"

"ఆఁ, బ్రహ్మాండంగా" అన్నారు మా ఆయన మొదటి బంటుని జరుపుతూ. "ఎంతసేపైనా చెప్పు, వింటాను. ఆ కూనిరాగం ఒక్కటీ ఆపు."