పదిహేడో పీపా మీద ఇంటూ గుర్తు

మా గిడ్డంగిలో సాలెగూళ్లు దులపరు. ఈగల సంగతి సాలీళ్లు చూసుకుంటాయి, ఓక్ పీపాల్లో ఏళ్లతరబడి ఊరే బీరు సంగతి మేం చూసుకుంటాం. ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఇక్కడ చేరాను. ముప్పై ఎనిమిదేళ్లయింది. ఏ పీపా పండిందో, ఏది పాడైందో నాలుకతో తేల్చి సుద్దతో గుర్తు పెట్టేది యజమాని ఓడీల్. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక ఆ సుద్దముక్క నా జేబులోకి వచ్చింది. ఇక అది నాదే అనుకున్నాను. అంతలో ఆయన మనవరాలు హెడ్విఖ్ పెద్ద చదువు ముగించుకుని దిగింది.

నిరుడు ఆగస్టులో పదిహేడో పీపా ముందు చెక్కకున్న సన్న మేకు లాగి గ్లాసు పట్టాను. బీరు నూనెలా తీగ సాగింది. మొదటి ఎండాకాలంలో పీపాకు ఈ జబ్బు రావడం మామూలే, దానంతటదే తగ్గుతుంది. దీనికిది మూడో ఎండాకాలం. ఆ వయసులో జబ్బుపడి లేచిన పీపాను నేను చూడలేదు. ఇంటూ గుర్తు పెట్టాను. అంటే శనివారం కాలవలోకి.

మర్నాడు హెడ్విఖ్ మోచేతికంతా సుద్ద.

"చెరిపేశాను బాబాయ్. అది చావలేదు, పడుకుంది. ఇంకో ఏడాది ఆగుదాం."

"నీ పుస్తకంలో రాశారా అమ్మా?"

"లేదు. వాసన చూశాను. వాసనలో ఇంకా ప్రాణముంది."

ఓడీల్ కర్ర నేలకేసి కొట్టాడు. "ఆపండిరా మీ గోల! వచ్చే ఏడాది నవంబరు దాకా దాని జోలికి ఎవరూ వెళ్లొద్దు. ఎవరి మాట నిలబడితే సుద్దముక్క వాళ్లది. ఏటా పాత పీపాల బీరూ కొత్త పీపాల బీరూ కలిపే పనీ వాళ్లదే."

ఆ పని కోసమే నేను ఇన్నేళ్లూ కాచుకున్నాను.

ఈ ఏడు నవంబరు వచ్చింది. పొద్దున్నే బల్ల మీద రొట్టె, మెత్తటి తెల్ల జున్ను, ముల్లంగి, మూడు జగ్గులు. "ఏది ఏ పీపాదో మా హెడ్విఖ్‌కీ తెలీదు, నేనే పట్టాను. తాగి చెప్పరా ఫిర్మిన్," అన్నాడు ఓడీల్.

మొదటిది పచ్చి ఆపిల్‌లా శుభ్రంగా ఉంది, అంతే. రెండోది వెనిగర్‌లా నాలుకను గిల్లింది. మూడోది నోట్లో పోసుకుని ఆగిపోయాను. ముందు నిమ్మతొక్క చురుకు. వెనకాలే తడిసిన పాత చెక్క, గుర్రపుశాలలో ఎండుగడ్డి, ఎక్కడో లోపల మగ్గిన ఆప్రికాట్. మింగాక నోరు పొడిబారి, వెంటనే మళ్లీ ఊరింది. పట్నం నుంచి వచ్చే పెద్దమనుషులు గ్లాసులో ముక్కు దూర్చి పావుగంట ఉపన్యాసం ఇస్తారు. ఇది తాగితే వాళ్ల నోళ్లు కూడా మూతపడతాయి.

"ఇదే," అన్నాను. "పదేళ్లలో ఇలాంటిది తాగలేదు పెద్దాయనా. ఏ పీపా?"

ఓడీల్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నువ్వు కాలవలో పొయ్యమన్నదే!"

నేను నమ్మలేదు. ఈ పిల్ల పైమూత తీసి మంచి బీరు కలిపి ఉంటుందనుకుని గిడ్డంగిలోకి నడిచాను. పదిహేడో పీపా పైమూత మీద సాలెగూడు ఏడాది దుమ్ముతో బూడిదరంగుకు తిరిగి ఉంది. ఒక్క పోగు తెగలేదు. లోపలున్నది తనంతట తనే, ఆ చెక్కలో, మమ్మల్నెవర్నీ అడక్కుండా బాగుపడింది. దాన్ని నమ్మి ఆగడం ఒక్కటే ఆ పిల్ల చేసింది. నాకు చేతకానిదీ అదే.

తిరిగొచ్చేసరికి హెడ్విఖ్ ముల్లంగికి ఉప్పు అద్దుకుంటోంది.

"సాలీడును అడిగొచ్చావా బాబాయ్?"

"అడిగాను. నీ పక్షమే అంది. మరీ ఉబ్బిపోకు."

సుద్దముక్క బొటనవేలి గోరంతకు అరిగిపోయి ఉంది. జేబులోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాను. అది వదలడానికి నా వేళ్లకు కాస్త టైం పట్టింది. ఆమె చూడనట్టే ముల్లంగి నా వైపు జరిపింది. అందుకు ఇంకో మార్కు వేశాను.

మూడో జగ్గు దగ్గరికి లాక్కుని గ్లాసు నింపుకున్నాను.