జావలో పొడి

దేవరుప్పుల దగ్గరి ఆ ఊళ్ళో పత్తి ఏరుడు మొదలైందంటే చాలు, ఆర్‌ఎంపీ ఇచ్చే తెల్ల గోలీలు ఇంటింటికీ చేతులు మారతాయి. ఒకరికి నొప్పి తగ్గితే మిగతా గోలీలు పక్కింటికి పంచడం అక్కడి మర్యాద. వద్దంటే అలుగుతారు కూడా.

కట్టయ్యకు ఆ గోలి బ్రహ్మాండంగా పడింది. పొద్దున ఒకటి మింగితే, గోడ పట్టుకుని నడిచే మనిషి చేను గట్లు దూకేవాడు. అదే గోలి అతని భార్య కనకలక్ష్మి మింగితే కడుపులో నిప్పులు పోసినట్టుండేది. మోకాళ్ళ వాపు మాత్రం ఇసుమంతైనా తగ్గేది కాదు.

"నాకు పడ్డది నీకెట్ల పడదే? ఇద్దరం తినేది ఒక్క కుండల కూడే గదా," అనేవాడు కట్టయ్య.

ఏం తెలివో ఏమో. ఒకే కుండలో తింటే ఇద్దరిదీ ఒకే కడుపైపోతుందా?

ఒకరోజు చేలోనే కనకలక్ష్మి నల్లగా, కాఫీ డికాషన్ లాగా కక్కుకుంది. తోడికోడలు యమున ఆటోలో జనగామ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, కడుపులో పుండు పడిందని చెప్పింది.

"ఈ గోలీలు కొందరికి మంచిగ పడ్తయమ్మా, కొందరికి గిట్ల చేస్తయి. ఎవరి ఒళ్ళు తీరు వాళ్ళది. నువ్వైతే ఇగ ముట్టకు. మళ్ళ రక్తం పోతే పానం మీదికొస్తది."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే కట్టయ్య సరేనన్నాడు. పైగా మర్నాటి నుంచి పొద్దున్నే లేచి జొన్న జావ తనే కాచి గ్లాసులో పోసి ఇచ్చేవాడు. వాడకట్టు ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఇంత మంచి మొగుడు ఎవరికి దొరుకుతాడన్నారు. కనకలక్ష్మి మనసు కూడా మెత్తబడింది, పిచ్చిది.

మంట మాత్రం తగ్గలేదు. డాక్టరమ్మ ఇచ్చిన మందులు వేసుకుంటున్నా దొడ్డికి నల్లగానే అవుతోంది.

"గోలీలు బంద్ జేస్తివి గదా, మరి ఇంకేం మంట?" అన్నాడు కట్టయ్య. "పనికి రావుడు ఇష్టం లేకుంటే లేదని జెప్పు."

వాడకట్టు కూడా ఆ మాటే పట్టుకుంది. ఏషాలన్నారు. వినీ వినీ, తప్పు తన మనసులోనే ఉందేమోనని ఆమెకే అనుమానం వచ్చింది.

ఒక పొద్దున కట్టయ్య సరిగ్గా నూరలేదు కాబోలు. రెండు గుక్కలు తాగేసరికి నాలుక మీద గరుగ్గా తగిలింది. వేలు పెట్టి చూస్తే తెల్లటి పలుకు. పొయ్యి వెనక చిన్న రోలులో అదే తెల్ల పొడి అంటుకుని ఉంది.

"ఏందిది?" అంది.

"ఇంకేంది, గోలి. ఏసుకోనంటివని పొడి జేసి కలుపుతున్న. తెల్వక తాగితే పడ్తదనుకున్న. నీ మంచికే గదా."

మొహంలో సిగ్గన్నది లేదు. ఛీ, ఏం మనిషి. చేతులారా కలిపి పోసి, ఆమె మెలికలు తిరుగుతుంటే ఎదురుగా కూర్చుని చూశాడు. చూసి ఏషాలన్నాడు. కట్టుకున్నవాడి మీద ఇంత రోత పుడుతుందని కనకలక్ష్మికి ఆ పూటే తెలిసింది. అతను ముట్టిన గ్లాసు పట్టుకోవడానికి కూడా ఆమెకు ఒళ్ళు జలదరించింది.

"డాక్టరమ్మ పానం పోతదన్నది యాదికి లేదా?"

"వాళ్ళు గట్లనే బెదిరిస్తరు." కట్టయ్య గ్లాసు లాక్కుని, మిగిలిన జావంతా గటగటా తాగేసి మీసాలు తుడుచుకున్నాడు. "సూడు. నాకేమన్న అయ్యిందా?"

నిజంగానే ఏమీ కాలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, కుంటకుండా చేనుకు పోయాడు.

సాయంత్రం అతను వచ్చేసరికి వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి వెలుగుతోంది. యమున ఇంటి నుంచి తెచ్చిన గిన్నెలో కనకలక్ష్మి తన జావ తనే కాచుకుంటోంది.

"ఇంట్ల పొయ్యి ఉండంగ గిదేంది?" అన్నాడు కట్టయ్య.

ఆమె తల ఎత్తలేదు.

"కడుపు వేరని జెప్తే నమ్మకపోతివి. ఇగ కుండ గూడ వేరే."