పావు అంగుళం సందు

మా వెల్డా అత్త నోటికి తాళం ఉండి ఉంటే ఈ గొడవే లేదు. మంగళవారం పొద్దున, కాఫీ హోటల్లో సగం ఊరు కూర్చుని మెత్తటి బిస్కెట్ రొట్టెల మీద గ్రేవీ పోసుకుని తింటున్న వేళ, అందరికీ వినపడేలా అనేసింది.

"శనివారం ట్రక్కుల పందెంలో నా గేర్‌బాక్సు పోయిందంటే, సోమవారం షాపు మూసేస్తా. బోర్డు నేనే పీకేస్తా. చాలా?"

ఆ మాట అనిపించినవాడు ఓడెల్. హైవే పక్కన పెద్ద షెడ్డు వాడిది. కంప్యూటరుతో నడిచే కొత్తరకం గేర్‌బాక్సులు తప్ప వేరేవి ముట్టుకోడు. నా డెబ్బై రెండు మోడల్ షెవీ ట్రక్కులో అరిగిపోయిన ఇంజన్ తీసేసి, పాత సామాన్ల యార్డు నుంచి తెచ్చిన రెండువేల సంవత్సరం ఇంజన్ వేస్తున్నాను. గేర్‌బాక్సు మాత్రం అత్త విప్పి కట్టిన మూడు గేర్ల పాత ఆటోమేటిక్కే. ఈ సంగతి ఓడెల్ చెవిన పడింది.

"ముందేమో మూడొందల గుర్రాల ఇంజను, దాని వెనకేమో మీ అత్త డబ్బా!" అన్నాడు నాతో. "పది అడుగులు పోయేసరికి పళ్ళన్నీ రాలి నీ చేతికొస్తయ్, లైల్."

అక్కడితో ఆగితే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. వాడు అత్త చేతిలోని కప్పు వైపు చూశాడు. "కాఫీయే నిలవట్లేదు కదా వెల్డా. అగ్గిపుల్లంత స్ప్రింగులు ఎట్టా కూర్చోబెట్టావు ఆ డబ్బాలో?"

హోటలంతా ఆ కప్పు వైపు తిరిగింది. నిజమే, చలికాలం నుంచి అత్త చేతులు వణుకుతున్నాయి. నలభై ఒక్క ఏళ్ళుగా మా కౌంటీలో ఏ ఆటోమేటిక్ చెడినా ఆమె బల్ల మీదికే వచ్చేది. ఇప్పుడెవరూ మొహాన ఏమీ అనరు, బండిని మాత్రం మెల్లిగా ఓడెల్ షెడ్డుకి తిప్పుకుపోతారు. అది ఆమెకి తెలుసు. అందుకే అంత మాట తూలింది. ఇక ఆ మాట బరువు నా మీదా పడింది, ఎందుకంటే ఆమె కట్టిన పెట్టెను బండికి బిగించేది నేను.

అసలు ఆ గేర్‌బాక్సు ఉంచుకోవడం మొండితనమేమీ కాదు. దానికి కంప్యూటరు అక్కర్లేదు, వైర్లు అక్కర్లేదు. ఇంజన్ ఎంత కష్టపడుతోందో ఒక సన్నటి రబ్బరు గొట్టం ద్వారా తెలుసుకుని, తనంతట తనే గేరు మార్చుకుంటుంది. ఇనుములాంటి ఇనుము అది. అత్త రెండు నెలలపాటు దాని ముందు కూర్చుని కట్టింది, నన్ను దగ్గరికి కూడా రానివ్వలేదు.

శనివారం తెల్లారింది. పందెం నాలుగింటికి. ఇంజన్ అప్పటికే బండిలో ఉంది, గురువారం స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరాయి. మిగిలింది గేర్‌బాక్సు ఎక్కించడమే. తొమ్మిదింటికి దాన్ని జాకీ మీద పెట్టి బండి కిందికి తోశాను. ఒంట్లో రక్తం ఉరకలు వేస్తోంది. మధ్యాహ్నానికి రోడ్డు మీద ఉంటామనుకున్నాను.

ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఆయిలు నిండిన ఉక్కు కుండ ఒకటి ఉంటుంది, కన్వర్టర్ అంటాం. దాన్ని ముందుగా గేర్‌బాక్సు మూతిలోకి తిప్పుతూ తోయాలి. టక్, టక్, టక్ అని మూడు మెట్లు దిగాలి. అది అత్త తన చేతులతోనే చేసింది. ఆ తర్వాత గేర్‌బాక్సు పెంకు ఇంజన్ వీపుకి చేత్తో తోస్తే చాలు, అతుక్కోవాలి. బోల్టులు అప్పుడు.

అతుక్కోలేదు. చుట్టూ పావు అంగుళం సందు మిగిలింది. జాకీ ఎత్తాను, దించాను, భుజం పెట్టి నెట్టాను. పావు అంగుళం! నా చిటికెన వేలు కూడా పట్టని సందు, గంటన్నర తినేసింది.

చిర్రెత్తుకొచ్చి పానా తీశాను. "నాలుగు బోల్టులు వేసి లాగితే అదే వస్తుంది."

అత్త నా మణికట్టు పట్టుకుంది. "బోల్టులు బిగించడానికిరా, లాగడానికి కాదు. లాగావంటే ఆ కుండ వెనక్కి పోయి లోపలి ఆయిలు పంపు పగిలిపోద్ది. రెండు నిమిషాలు బానే నడుస్తది, మూడో నిమిషంలో చచ్చూరుకుంటది."

"మరి కుండ సరిగ్గా దిగలేదేమో అత్తా! నీ చెయ్యి వణికి మూడో మెట్టు..."

మాట నోట్లోంచి వచ్చేసింది. అత్త నా మణికట్టు వదిలేసింది. కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె గోడ మీది స్కేలు తీసుకుంది.

"కిందికి దించు," అంది.

దించాను. కుండ ఎంత లోపలికి ఉందో ఆమె స్కేలు పెట్టి కొలిచింది. స్కేలు వణుకుతోంది. అంకె మాత్రం వణకలేదు. మూడు మెట్లూ దిగి ఉంది, నూటికి నూరు పాళ్ళూ. నన్ను కూడా చూడమంది, చూశాను.

"నా కుండ నా చోట్లో ఉంది. నీవైపే ఏదో ముందుకొచ్చింది. ఏం పెట్టావక్కడ?"

"ఏముంది, అందరూ పెట్టేదే. స్పేసర్ రింగు."

కొత్త ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ అనే తిరిగే కడ్డీ చివర కాస్త లోపలికి ఉంటుంది. పాత గేర్‌బాక్సుకి అది అందదు. అందుకని అర అంగుళానికి కాస్త తక్కువ మందం ఉన్న ఉక్కు రింగు వేసి అందిస్తారు. మా వైపు పన్నెండేళ్ళ పిల్లాణ్ణి లేపి అడిగినా చెబుతాడు.

"తియ్యి దాన్ని," అంది అత్త.

"తీస్తే కుండ అందదత్తా! ఈ ఇంజన్ల సంగతి నీకు తెలీదు."

"తెలీదు. నాకు సందు తెలుసు. తియ్యి."

గొణుక్కుంటూ రింగు ఊడదీశాను. ఆమె నడుం వంచి ఇంజన్ వీపు మీద స్కేలు అడ్డంగా ఆనించింది. నేననుకున్న రకమే అయితే క్రాంక్ కొన స్కేలుకి తగలకుండా లోతుగా ఉండాలి. కానీ కొన స్కేలుని ముద్దు పెట్టుకుంటోంది.

అప్పుడు వెలిగింది నాకు! ఈ రకం పెద్ద ఇంజన్లకి మొదటి రెండేళ్ళూ, అంటే తొంభై తొమ్మిదిలో, రెండువేలలో, క్రాంక్ పొడుగ్గానే వచ్చింది. నాకు తెలియని విషయం కాదు, పాతిక మందికి నేనే పాఠంలా చెప్పాను. రెండువేల సంవత్సరం ఇంజన్ని నా చేతులతోనే ఇంటికి తెచ్చుకుని, పొద్దున్నే పళ్ళు తోముకున్నంత అలవాటుగా రింగు వేసేశాను. బోల్టులతో లాగి ఉంటే పంపు పగిలేది. పది అడుగుల్లో బండి ఆగేది. ఊరంతా అత్త చేతుల్ని తిట్టేది. వాళ్ళతో కలిసి నేనూ తిట్టేవాణ్ణి.

"పొడుగు క్రాంకు అత్తా," అన్నాను నెమ్మదిగా. "రింగు అక్కర్లేదు."

"ఊఁ. రింగు లేకపోతే పొట్టి బోల్టులు కావాలి. పాతవి ఉన్నాయా, పారేశావా?"

ఉన్నాయి. గంట తిరక్కుండా మళ్ళీ ఎక్కించాం. ఈసారి రెండు అరచేతులతో తోశాను, సందు ఠక్కున మూసుకుంది. లోపల కుండ చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. నేను వేసిన కేకకి పక్కింటి కుక్క మొరిగింది! ఆయిలు పోశాం, వెనక చక్రాలకి బలం మోసే షాఫ్టు కలిపాం, రబ్బరు గొట్టం తొడిగాం. రెండున్నరకి బండి తనంతట తనే షెడ్డు దాటింది. సంతకి తొమ్మిది మైళ్ళు. దారంతా గేరు మారిన ప్రతిసారీ అత్త తల ఊపింది.

కౌంటీ సంతలో ట్రక్కుల బండలాగుడంటే మా జనానికి ప్రాణం. ఎర్ర దుమ్ము బాటలో బరువు బండిని మూడొందల అడుగులు ఈడ్చాలి. ముందుకు పోయినకొద్దీ దాని మీది బరువు ముందుకు జరిగి లాగే బండి మీద పడుతుంది. మా తరగతిలో వెనక చక్రాలతోనే లాగాలి, ముందు చక్రాలకి బలం ఇచ్చే లీవరుకి పందెంవాళ్ళు టేపు చుట్టి సీలు వేస్తారు. మైకు ఓడెల్ చేతిలో ఉంది. గొంతు పెద్దదని ఏటా వాడికే ఇస్తారు.

"వస్తున్నాడమ్మా లైల్! వెనకాల వెల్డా గారి పురాతన వస్తువు!"

పచ్చ జెండా దిగింది. తొక్కాను. అబ్బ, ఆ లాగుడు! ముందు భాగం గాల్లోకి లేచింది, ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. వంద అడుగులు. నూట యాభై. గేర్‌బాక్సు వెన్నలా పట్టింది. రెండొందలు! నేను లోపల పిచ్చివాడిలా అరుస్తున్నాను. రెండొందల ముప్పై దగ్గర తుపాకీ పేలినట్టు చప్పుడు. ఇంజన్ కేకలు వేస్తోంది, బండి కదలదు.

"పోయింది!" అన్నాడు ఓడెల్ మైకులో. "గేర్‌బాక్సు పోయిందండోయ్!"

జనం అయ్యో అన్నారు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నా మనసు కూడా ఆమె చేతుల మీదికే పోయింది. అంతా కళ్ళారా చూసి కూడా.

అత్త కంచె దాటి పరుగెత్తుకొచ్చింది. ఉతికిన జీన్సుతో ఆ ఎర్ర దుమ్ములో బోర్లా పడుకుని బండి కిందికి తొంగి చూసింది.

"డ్రైవ్‌లో పెట్టి మెల్లిగా తొక్కరా!"

తొక్కాను.

"షాఫ్టు తిరుగుతోంది!" ఆమె గొంతు మైకుని మించిపోయింది. "గిర్రున తిరుగుతోంది! పోయింది వెనక ఇరుసురా, నా పెట్టె కాదు!"

చక్రాల దాకా బలం వచ్చింది, ఆ బలానికి ఇరుసే తెగింది. ఈలోగా గొలుసు పట్టుకుని ట్రాక్టరు వచ్చింది ఈడ్చుకుపోవడానికి. అత్త చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. వెనక బరువు బండి కొక్కెం విప్పించింది. నన్ను దిగమని, తను ఎక్కి కూర్చుని, లీవరు మీది టేపు పర్రున చింపి ముందు చక్రాలకి గేరు వేసింది. పందెం ఎలాగూ అయిపోయింది, సీలు ఎవడికి కావాలి!

బండి కదిలింది. విరిగిన ఇరుసుని వెనకేసుకుని, ముందు చక్రాలతో దుమ్ము తవ్వుకుంటూ, ఆమె కట్టిన గేర్‌బాక్సు బలం మీద, మొత్తం జనం ముందునుంచి నడిచిపోయింది. ఎవరో లేచి నిలబడ్డారు. తర్వాత అందరూ లేచారు. ఓడెల్ మైకు దించేశాడు. తర్వాత మళ్ళీ ఎత్తి, "గేర్‌బాక్సు బానే ఉంది," అన్నాడు. అంతే అన్నాడు, కానీ సంతంతా వినపడింది.

నేను కిటికీ పక్కన పరుగెత్తుతున్నాను. స్టీరింగు మీద ఆమె చేతులు వణుకుతున్నాయి. దాచుకోవట్లేదు.

"అత్తా! ఇందాక మళ్ళీ నీ చేతుల్నే అనుమానించా. ఇది రెండోసారి. క్షమించు."

ఆమె నా వైపు చూసింది. మొహమంతా ఎర్ర దుమ్ము, కళ్ళ కింద మాత్రం తడి చారలు.

"నువ్వు రెండుసార్లేగా? నేను చలికాలం నుంచి రోజూ అనుమానిస్తున్నానురా," అంది. "ఎక్కు, గేటు దాకా పోదాం."