నబీ దిగిపోయిన బండి

మా ఆయన మాణిక్యప్పకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నా, అది అక్కణ్నుంచి దిగిందే లేదు. ఆ కోపమే మా ఇంటి నుంచి గులాం నబీని వెళ్లగొట్టింది.

నబీ మా అంబాసిడర్‌కు డ్రైవరు. నారాయణఖేడ్‌లో అందరూ కొత్త కార్లు కొన్నా మా ఆయన ఆ పాత బండిని వదల్లేదంటే నబీ చేతి చలవే. రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, రేడియేటర్‌లో నీళ్లు తక్కువైతే పోసేవాడు. చెంబు అందించేది నేనే.

ఈ ఎండాకాలం మొక్కు తీర్చడానికి బోరంచ నల్లపోచమ్మ దగ్గరికి బయలుదేరాం. బడికి సెలవని నబీ మనవరాలు నుజహత్ కూడా ముందు సీట్లో కూర్చుంది. సగం దారిలో బానెట్ కింద నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. నబీ ఇంజను బంద్ చేసి, చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దన్నాడు. మా ఆయన ఊరుకుంటేగా!

“నీళ్లు పోస్తలేవు నువ్వు! నా అన్నం తిని నా బండినే కాలవెడుతున్నవ్!”

“పొద్దున పోసిన పటేలా. అక్క చూసింది.”

అప్పటికే ఆటోలు ఆగాయి. అందరూ నా మొహం చూశారు. పదిమందిలో మొగుణ్ని తక్కువ చేయడమెందుకని నేను మాట్లాడలేదు. ఇంట్లో ఆగకుండా వాగే నోరు, ఆ రోజు ఎక్కడ చచ్చిందో! నబీ తాళం చెవి సీటు మీద పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

బండిని తాడు కట్టి లాక్కొచ్చి అంజద్ మెకానిక్ షెడ్డులో పెట్టాం. అంజద్ గొట్టాలు చూశాడు, ఎక్కడా కారడం లేదు. ఫ్యాను బెల్టు బిగించాడు. థర్మోస్టాట్ మార్చాడు. వాటర్ పంపు బాగానే ఉంది. అయినా ఊరి చివరిదాకా పోయేసరికి మళ్లీ అదే ఆవిరి.

“చూసినవా? ఇంజనే కాల్చిండు వాడు,” అని మా ఆయన గెలిచినట్టు నా వైపు చూశాడు. నాకు ఒళ్లు మండింది.

అంజద్ విసుగొచ్చి, ఇంజను నడుస్తుండగానే ఒక పేపరు ముక్కను రేడియేటర్ ముందు ఆనించాడు. “ఫ్యాను గాలి గుంజితే గిది అతుక్కోవాలె,” అన్నాడు. చెయ్యి తీయగానే కాగితం జారి కింద పడింది. “గాలే పోతలేదు పటేలా. నీళ్ల కథ కాదు ఇది.”

రేడియేటర్ ఊడదీసి, వెనక వైపు నుంచి పైపుతో నీళ్లు కొట్టాడు. రేకుల సందుల్లోంచి ముద్దలు ముద్దలుగా జొన్న పొట్టు ఊడిపడింది. “ఏంది పటేలా, కారుతోని కళ్లం తొక్కించినవా?” అని నవ్వాడు. మాకు నవ్వు రాలేదు.

తొక్కించాం మరి. మా వైపు జొన్న కంకులు రోడ్డు మీద పరిస్తే వచ్చే పోయే బండ్లే వాటిని తొక్కుతాయి. ఈసారి కంకులు పరిచాక మబ్బు పట్టింది. రోడ్డు మీద బండ్లు లేవు, రమ్మన్న ట్రాక్టరోడు రాలేదు. నబీ చుట్టాల పెళ్లికని జహీరాబాద్ పోయాడు. మా ఆయనే అంబాసిడర్ తీసి ముందుకూ వెనక్కూ తొక్కించాడు. లేచిన పొట్టంతా ఫ్యాను గుంజుకుంది. నేను చీపురుతో గింజలు ఊడుస్తూ “జల్దీ కానియ్యి” అని అరుస్తున్నా. నబీ వచ్చాక ఈ సంగతి చెప్పాలని మా ఇద్దరికీ తోచనే లేదు.

కడిగి బిగించాక బండి బోరంచ దాకా పోయొచ్చినా వేడెక్కలేదు. తిన్నగా నబీ ఇంటికి పోయాం.

“తప్పు నాదే నబీ. పొట్టు పట్టించింది నేను, మాట పడ్డది నువ్వు. రేపటి సంది ఒచ్చెయ్,” అన్నాడు మా ఆయన. ఆయన అంత మెత్తగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అయినా నాకు ఆశ పోలేదు.

“నేనన్నా చెప్పాల్సుండె నబీ భాయ్,” అన్నా.

నబీ బానెట్ ఎత్తి ఇంజను చప్పుడు కాసేపు విన్నాడు. ఆయన భార్య బాను బీ మాకు చాయ్ తెచ్చింది. తలుపు దగ్గర నుజహత్ నిలబడి చూస్తోంది.

“మంచిగ చేసిండు అంజద్,” అన్నాడు నబీ. “నాకు కోపం లేదు పటేలా. కానీ ఆ దినం ఇంటికొచ్చినంక నుజహత్ అన్నం ముట్టలే. ‘దాదా, ఇది మన అన్నమా, వాళ్ల అన్నమా’ అని అడిగింది. మనదే బేటా, నేను కష్టం చేసి తెచ్చిందే అని చెప్పి తినిపించిన. మళ్ల నీ బండెక్కితే, నేను అబద్ధం చెప్పిన అనుకుంటది.”

మా ఆయన పిల్ల వైపు చూశాడు. ఏదో అనబోయాడు గానీ, ఆ పిల్ల లోపలికి పోయింది.