మూఢం విడిచాక కట్టిన పంటి బీమా

రాజేశ్వర్ పంచాంగం చూడనిదే ఏ పనీ మొదలుపెట్టడు. నారు పోయాలన్నా, కొత్త మోటారు బిగించాలన్నా ముందు మంచి రోజు కుదరాలి. అందుకే మార్గశిరంలో మేనల్లుడు అఖిలేశ్ ఇంటికొచ్చి పంటి బీమా సంగతి ఎత్తినప్పుడు, వద్దనలేదు గాని వెంటనే ఒప్పుకోనూ లేదు.

అఖిలేశ్ బాన్సువాడ బస్టాండు దగ్గర ఒక బీమా ఆఫీసులో పనిచేస్తాడు. మామ ఇంటిల్లిపాదికీ దవాఖాన బీమా చేయించింది అతడే. అందులో గుండెకు ఉంది, కిడ్నీలకు ఉంది, కాలు విరిగితే ఉంది. పంటికి మాత్రం లేదు. దానికి పైనుంచి ఇంకొకటి విడిగా కట్టుకోవాలి.

"అత్తకు ఎడమ దిక్కు దవడ పండ్లు ఎప్పుడో పోయినయి గద మామా. తినుడంతా కుడి దిక్కే. గవి గూడ పోతే అత్త రొట్టె ఎట్ల నములుతది? ఇది తీసుకో" అన్నాడు అఖిలేశ్.

"తీసుకుంట. కాని గిప్పుడు మూఢం నడుస్తుంది. విడిచినంక కడ్త."

"మూఢమా! గిదేమన్న పెండ్లా మామా? పుచ్చేటప్పుడు పన్ను పంచాంగం చూస్తదా?"

"నీకేం తెలుసురా? కొత్తది ఏది మొదలుపెట్టినా మంచిగ మొదలుపెట్టాలె."

వంటింట్లో జొన్నరొట్టెలు కొడుతున్న భాగ్యవతి గట్టిగా నవ్వింది. "మీ మామ తుమ్మాలన్నా ముహూర్తం చూస్తడురా. ఊకో, నువ్వు చాయ తాగు."

శివరాత్రి పోయాక మూఢం విడిచింది. రాజేశ్వర్ తలస్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, వర్జ్యం లేని వేళ చూసుకుని ఆఫీసుకు వెళ్లి బీమా కట్టి వచ్చాడు. కట్టిన రోజు నుంచి మూడు నెలలు గడువు ఉంటుందనీ, ఆ లోపల పంటికి ఏమైనా కంపెనీ ఇవ్వదనీ అఖిలేశ్ విడమరిచి చెప్పాడు. "గీ మూడు నెలలు ఏం కావద్దని మొక్కు మామా" అని నవ్వాడు. రాజేశ్వర్ నవ్వలేదు. ఇంటికి రాగానే నిజంగానే మొక్కుకున్నాడు.

శ్రీరామనవమి నాడు గుడిలో పానకం పోశారు. ఒక్క గుక్క తాగి భాగ్యవతి గ్లాసు కింద పెట్టేసింది. కుడి దవడ పట్టుకుని కళ్లు మూసుకుంది. చల్లటి పానకం పంటిలోంచి చెవి దాకా సూది గుచ్చినట్టు పోయిందట. ఇంటికొచ్చాక అద్దం ముందు నోరు తెరిచి చూసుకుంటే వెనక దవడ పన్ను మీద చిన్న నల్ల గుంట కనబడింది.

రాజేశ్వర్ వెంటనే అఖిలేశ్‌కు ఫోన్ చేశాడు.

"అయ్యో" అన్నాడు అఖిలేశ్. "గిప్పుడు డాక్టరుకు చూపిస్తే గడువు లోపలనే వచ్చింది అంటరు మామా. ఇగ ఆ పన్నుకు ఎన్నడూ ఇయ్యరు. అత్త ఓర్చుకుంటే, గడువు దాటినంక పొండ్రి. గొడవే ఉండదు."

పిల్లవాడు మంచికే చెప్పాడు. కాని ఫోన్ పెట్టేశాక రాజేశ్వర్ మనసు కుదుటపడలేదు. నొప్పి ముందే ఉందని తెలిసి, నిన్న మొన్న వచ్చిందని చెప్పడం అబద్ధం కాదా? రోజూ పొద్దున దేవుడి ముందు చేతులు జోడించే మనిషి ఆ మాట ఏ నోటితో చెప్పాలి? పోనీ నిజం చెబితే, కట్టింది దేనికి? రెండు వైపులా ఆలోచించాడు. ఏ వైపూ తెగలేదు.

భాగ్యవతికి మాత్రం ఇంత ఆలోచన లేదు. లవంగం పంటి కింద పెట్టుకుంది. ఉప్పునీళ్లు పుక్కిలించింది. రొట్టెను పప్పులో నానబెట్టి ముందు పండ్లతోనే మెల్లగా తినసాగింది. కొన్నాళ్లకు అదీ మానేసి జావలాంటి గట్క తాగింది. కోతలకు వచ్చినవాళ్లకు అన్నం పెడుతూ, వాళ్లు మాట్లాడితే తల మాత్రం ఊపేది.

చూసి చూసి రాజేశ్వర్ అన్నాడు, "నడువే, పోదాం. బీమా లేదు గీమా లేదు. మన పైసలే పెట్టుకుందాం."

"కట్టిన పైసలు కాలువల పోసినట్టేనా మరి? ఇంక ఎన్ని దినాలు? ఓర్చుకుంట. ముగ్గుర్ని కన్న, పన్ను నొప్పి ఓర్వనా?"

"నీ మొఖం చూడలేకపోతున్ననే."

"అయితే అటు దిక్కు తిరుగు."

గుడికి వెళ్లినప్పుడు పంతులుతో మాటల్లో ఈ సంగతంతా చెప్పాడు. మార్గశిరంలోనే కట్టి ఉంటే పానకం తాగే నాటికి గడువు దాటిపోయి ఉండేదని కూడా చెప్పాడు. పంతులు ఆశ్చర్యపోయాడు. "మూఢం పెండ్లికి, గృహప్రవేశానికి చూస్తరు గాని, బీమాకు ఎవరు చూడమన్నరు పటేలా? నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె గద!"

అడగాలన్న ఆలోచనే రాలేదు రాజేశ్వర్‌కు. చిన్నప్పటి నుంచీ మూఢంలో ఏదీ మొదలుపెట్టకూడదనే విన్నాడు. దేవుడు పెట్టిన పట్టింపు అనుకున్నది తాను పెట్టుకున్నదేనా? ప్రదక్షిణ చేస్తూ ఆ మాటే తలచుకున్నాడు.

గడువు ఇంకా కొద్ది రోజులు ఉందనగా ఒక పొద్దున భాగ్యవతి దవడ ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఈసారి ఆమె ఎదురు చెప్పలేదు. అదే రాజేశ్వర్‌ను ఎక్కువ భయపెట్టింది.

బాన్సువాడలో పండ్ల డాక్టరు యశస్వి చిన్న వయసు పిల్ల. పంటికి ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, "ఎన్ని రోజుల నుంచి నొప్పి పెద్దమ్మా?" అంది.

భాగ్యవతి భర్త వైపు చూసింది.

"శ్రీరామనవమి సంది" అన్నాడు రాజేశ్వర్. బీమా గడువు కోసం ఆగిన సంగతీ, దానికి ఎంత కట్టిందీ కూడా చెప్పాడు. నిజం చెప్పేశాక కొంచెం ఊపిరి ఆడింది.

"అప్పుడే రావాల్సింది. గుంట శుభ్రం చేసి, సిమెంట్ నింపి అదే పూట పంపేదాన్ని. మీరు బీమాకు కట్టిన దాంట్లో సగం కూడా అయ్యేది కాదు. ఇప్పుడు చీము ఎముక దాకా దిగింది. మందులతో వాపు తగ్గించి, పన్ను తీసెయ్యాలి. నిలబెట్టడం నా చేతిలో లేదు."

"ఏదన్న చెయ్యమ్మా, ఆ దిక్కే తింటది" అన్నాడు. డాక్టరమ్మ జాలిగా చూసింది గాని మాట మార్చలేదు.

వాపు తగ్గాక పన్ను తీశారు. భాగ్యవతి నోట్లో దూది పెట్టి గట్టిగా కరిచిపట్టుకోమని, కాసేపు మాట్లాడొద్దని చెప్పి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. రాజేశ్వర్ పక్కన కూర్చున్నాడు. అప్పుడే అఖిలేశ్ ఫోన్ చేశాడు.

"తీసిన్రా మామా? అయ్యో... గడువు లోపల అయింది గనుక ఇది రాదు. పెట్టుడు పన్నుకు గూడ రాదు. కాని బీమా బందు చెయ్యకు. వచ్చే ఏడు గూడ కట్టు. ఒకసారి ఆపితే మళ్ల మొదటి నుంచి గడువే. అత్తకు మిగిలిన పండ్లు ఉన్నయి గద, రేపు వాటికేమన్న అయితే?"

రాజేశ్వర్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని భార్య వైపు తిరిగాడు.

"ఏం చేద్దామే? బీమా ఉంచుదమా, తీసేద్దమా?"

భాగ్యవతి నోరు తెరవలేకపోయింది. చెయ్యి కొంచెం పైకెత్తి, మళ్లీ ఒళ్లో పడేసుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ చెయ్యి ఎప్పుడు అలా లేచినా 'నీ ఇష్టం' అనే అర్థం.

"మామా? హలో? ఉన్నవా?"

"ఉన్న" అన్నాడు రాజేశ్వర్.