ఒక్కసారీ ఆడని రీలు

ఆ నలభై సెకన్ల మీద పదకొండు రోజులు కూర్చున్నాను, అందులో ఎనిమిది రోజులు రంజాన్ ఉపవాసంతోనే. పోయిన నెల కైరోలో ఇంబాబా వంతెన మీద కొత్త కెమెరాతో తీసిన దృశ్యం అది. కడిగిన అద్దంలా ఉండేది. కమ్మీల మీద తుప్పు మరకలు లెక్కపెట్టుకోవచ్చు. దాన్ని ముప్పై తొమ్మిదేళ్ళ కిందట ఫిల్మ్ మీద తీసినట్టు మార్చడం నా పని.

మార్చాను. ఎండ తగిలిన చోట మిరుమిట్లు తగ్గించి మెత్తబరిచాను. నీడల్లోకి కాస్త ఆకుపచ్చ దింపాను. దీపాల చుట్టూ సన్నటి ఎర్రటి వలయం పెట్టాను. బొమ్మ మొత్తాన్ని వెంట్రుకవాసి వణికించి, పైన సన్నటి ఇసకలా కదిలే గ్రెయిన్ పరిచాను. అన్నీ అయ్యాక చివరి రోజున, మనసు పోయి, పాత రీళ్ళ మీద పడే దుమ్ము, మచ్చలు, నిలువు గీతలు కూడా వేశాను. గీతలు వెయ్యడంలో నన్ను మించినవాళ్ళు కైరోలో లేరని నాకు కొంచెం పొగరు. ఆ పొగరు గురించే ఈ కథ.

వంతెన మీద నించుని వెనక్కి తిరిగి చూసి, నైలులోకి దూకేవాడు నటుడు ఇస్మత్. అంటే, ఇస్మత్‌లా ఉన్న కొత్త కుర్రాడు. అసలు ఇస్మత్ అప్పట్లో అలా దూకినప్పుడే పోయాడు. కింద నిలిపిన పడవ కొయ్య తగిలి, కెమెరా తిరుగుతుండగానే. ఆ రీలు ల్యాబులో పాడైపోయిందని సినిమావాళ్ళందరికీ తెలుసు. మా నిర్మాత రమ్సీ మాత్రం రీలు దొరికిందని ఊరంతా చాటించాడు. నా పని ముగిసిన ఆ చివరి రోజు సాయంత్రమే, ఇఫ్తార్ కాగానే ఛానెల్లో వెయ్యాలి. దానికి ఇస్మత్ భార్య సంతకం కావాలి. ఆవిడకి కూడా రీలు దొరికిందనే చెప్పాడు.

నేను రంగులు దిద్దేదాన్ని, అబద్ధాలు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు అని పదకొండు రోజులూ నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

మూడింటికి ఆవిడ వచ్చింది. పేరు దౌలత్. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, నల్ల గౌను, చంకలో తోలు సంచి. దొక్కీ పేటలో మా ఆఫీసు మూడో అంతస్తు, లిఫ్టు రంజాన్ మొదటి రోజే చెడిపోయింది. ఎక్కి వచ్చి ఆయాసంతో కుర్చీలో కూలబడింది.

"రండి హజ్జా, రండి. కష్టపెట్టాం మిమ్మల్ని," అన్నాడు రమ్సీ, పెద్దావిడని గౌరవంగా పిలిచే పిలుపుతో. బాత్రూంలో దొంగచాటుగా తాగిన సిగరెట్టు వాసన అతని కంటే ముందు పలకరించింది.

"ఉపవాసం ఎలా ఉంది నాయనా?" అంది ఆవిడ, ముక్కు ఎగబీల్చి.

రమ్సీ మొహం కందగడ్డ అయింది. నాకు నవ్వొచ్చింది. ఆ గదిలో నేను నవ్వింది అదే ఆఖరు.

"ఎక్కడ దొరికింది?" అందావిడ.

"పాత గోదాములో హజ్జా. డబ్బా మీద పేరు కూడా చెరిగిపోయింది. దేవుడే చూపించాడు."

"నెగెటివా? ప్రింటా?"

నెగెటివ్ అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిల్మ్, ప్రింటు దాని నుంచి తీసిన నకలు; రమ్సీకి ఆ తేడా తెలియదు. "ప్రింటే, ప్రింటే," అనేశాడు.

ఆవిడ చేతివేళ్ళు సంచి మీద బిగుసుకున్నాయి. "అమ్మాయీ, వెయ్యి," అంది నాతో.

వేశాను. ఇస్మత్ కమ్మీ ఎక్కాడు, వెనక్కి చూశాడు, దూకాడు. ఆవిడ కన్ను ఆర్పలేదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మళ్ళీ."

మళ్ళీ వేశాను. ఈసారి కుర్చీ ముందుకి లాక్కుని, మొహం తెరకి జానెడు దూరంలో పెట్టింది. దొరికిపోయాం అనుకున్నాను. కానీ ఆవిడ మనిషిని చూడడం లేదు. నేను వేసిన నిలువు గీత మీద వేలు పెట్టి, కిందిదాకా గీసింది.

"ఆపు. ఇది ఎన్నిసార్లు ఆడింది?"

"అంటే?" అన్నాడు రమ్సీ.

"నేను పదమూడేళ్ళు ల్యాబులో నెగెటివ్ కత్తిరించాను నాయనా. తెల్ల చేతితొడుగులు వేసుకుని, ఊపిరి బిగబట్టి. ఇలాంటి గీత ఒక్కసారి ఆడితే పడదు. వందసార్లు యంత్రం ఎక్కాలి. మచ్చలు చూడు, ఎన్ని చేతులు పడ్డాయో." ఆవిడ రమ్సీవైపు తిరిగింది. "ఎవరు వేసుకు చూశారు దీన్ని? ఎంతమంది చూశారు?"

రమ్సీకి అంతా కలిసొచ్చినట్టే తోచింది. "చూశారా హజ్జా! మీరే అంటున్నారు. ఎంత అభిమానం లేకపోతే ఎవరో అన్నిసార్లు వేసుకు చూస్తారు!"

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయింది. మొగుడి ప్రాణం పోవడాన్ని, ఎవరో వినోదంగా, వందసార్లు చూశారు. అదీ ఆవిడకి నా గీతలు చెప్పిన కబురు. నా నోట్లో తడి ఆరిపోయింది, అది ఉపవాసం వల్ల కాదు.

కింద మసీదులో అసర్ నమాజు పిలుపు మొదలైంది. రమ్సీ కాగితం, కలం ఆవిడ ముందు పెట్టాడు. "అయిదింటికల్లా ఛానెల్‌కి పంపాలి హజ్జా."

ఆవిడ కాగితం చూడలేదు. నావైపు తిరిగింది.

"నీ పేరేంటి తల్లీ?"

"ఈనాస్."

"నువ్వు చెప్పు ఈనాస్. ఇది దొరికిందా? చేశారా?"

రమ్సీ చెయ్యి వచ్చి నా కుర్చీ వీపు మీద వాలింది. "దానికేం తెలుసు హజ్జా, మీటలు నొక్కుకునే పిల్ల. ఈనాస్, నువ్వు వెళ్ళి నమాజు చేసుకో."

లేచి వెళ్ళిపోతే ఈ ఉద్యోగం ఉండేది. రమ్సీ చేతిలో ఇంకో రెండు సీరియళ్ళు ఉన్నాయి, రెంటికీ నేనే పని చెయ్యాలి. కానీ ఆవిడ కళ్ళు నన్ను వదల్లేదు. ఆ కళ్ళలో నేరం పట్టుకోవాలన్న చూపు లేదు, భయం ఉంది. ఇంత భయాన్ని నేను కూర్చుని, నచ్చిన పాటలు పెట్టుకుని, గీత గీతగా తయారు చేశాను. నామీద నాకే అసహ్యం వేసింది.

"చేశాం," అన్నాను. "కాదు, నేనే చేశాను. అతను వేరే కుర్రాడు, కింద వల కట్టి దూకించారు. గీతలు, మచ్చలు అన్నీ నేను వేసినవే. ఎవరూ చూడలేదమ్మా. దీన్ని మేమిద్దరం తప్ప ఎవరూ చూడలేదు."

"చూపించు," అందావిడ.

ఒక్కొక్క పొరా తీసేశాను. గీతలు పోయాయి, మచ్చలు పోయాయి, గ్రెయిన్ పోయింది. ఆకుపచ్చ నీడ పోయి, పోయిన నెల ఎండ బయటపడింది. వంతెన మీద ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాడు నించున్నాడు.

ఆవిడ ఒక పెద్ద ఊపిరి వదిలింది. "అల్‌హందులిల్లాహ్, అంతా దేవుడి దయ," అంది. అప్పుడు ఏడ్చింది.

"నీ అంతు చూస్తా," అన్నాడు రమ్సీ నాతో, పళ్ళు కొరుకుతూ. "సంతకం లేకపోయినా వేస్తా. ఏం చేస్తారో చెయ్యండి."

"వేసుకోండి," అన్నాను. "ఏ పొర ఏ రోజు వేశానో తేదీలతో సహా నా దగ్గర ఉంది. తెల్లారేసరికి కైరో అంతా చూస్తుంది."

రమ్సీ కాగితం లాక్కుని, తలుపు దడాలున వేసి వెళ్ళిపోయాడు.

దౌలత్ కళ్ళు తుడుచుకుని సంచి తెరిచింది. లోపల నుంచి మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న ఫిల్మ్ చుట్ట తీసింది.

"అప్పటి నిర్మాత ఆయన చావుని సినిమాలో పెడతానన్నాడు," అంది. "టిక్కెట్లు తెగ అమ్ముడుపోతాయట. పెళ్ళయి అయిదు నెలలు నాకు. నెగెటివ్ నా బల్ల మీదకే వచ్చింది. ప్రింటు తియ్యకముందే, సోడా కలిపిన వేడినీళ్ళలో వేసి బొమ్మంతా కడిగేశాను. పొరపాటున పాడైందన్నాను. గెంటేశారు. మొన్న మీవాడు ఫోను చేసి దొరికింది, ప్రింటుంది అంటే... నాకు తెలియకుండా నేను కడగకముందే ఎవరో ఒక ప్రింటు తీసి ఉంచారేమో అనుకున్నా. నిద్ర పోలేదు తల్లీ."

చుట్ట నా చేతిలో పెట్టింది. "ఇదే ఆ నెగెటివ్. అంచులు పట్టుకో. మధ్యలో వేళ్ళు పెట్టకు."

అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎండకి ఎదురుగా విప్పాను. అందులో వంతెన లేదు, మనిషి లేడు. అంచుల్లోని రంధ్రాల వరసల మధ్య నుంచి ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టలు కనిపించాయి. అలవాటు కొద్దీ గీతల కోసం వెతికాను. ముప్పై తొమ్మిదేళ్ళు సంచిలో తిరిగిన రీలు, దాని మీద ఒక్క గీత కూడా లేదు.